నేను చూడలేదు, నాకు కనబడలేదు

మా ఇంగ్లీషు టీచరు గారు పోయారు.

ఆ కబురు నాకు అచ్యుతాపురంలో, పనిలో ఉండగా, సెల్‌ఫోన్‌లో మెసేజీగా వచ్చింది. పంపినవాడు ఆవిడ దగ్గర నాతో పాటు కూర్చుని చదువుకున్న ఫిషింగ్ హార్బర్ బోటు మెకానిక్కు. ‘టీచర్ ఎక్స్‌పైర్డ్’ అని ఉంది. చదవగానే ఏడుపు రాలేదు. ఆ మాట ఎక్కడ కనబడినా ఆవిడ కళ్ళజోడు పైనుంచి ఎలా చూసేవారో అది గుర్తొచ్చింది. “ఎక్స్‌పైర్ అవడానికి మనమేమన్నా మందు సీసాలమా అబ్బాయ్? డైడ్ అను. చిన్న మాట, నిజమైన మాట” అనేవారు.

వెంటనే మెకానిక్కుకి ఫోన్ చేశాను. 

“పొద్దున్న కాఫీ తాగేరంట బావా. కుర్చీలోనే అలాగ ఒరిగిపోనారంట. సెల్లెలుగారు సూసీసరికి అయిపోనాది.”

సెలవు చెప్పి గాజువాక బస్సెక్కాను. నేను వెళ్ళేసరికి ఆవిడ ఇంటి ముందు చెప్పులు రోడ్డు దాకా ఉన్నాయి. వరండాలో నిలబడ్డవాళ్ళలో సగం మంది నాకు తెలియదు. ఆసుపత్రి నర్సులు, లారీ ఆఫీసు గుమాస్తాలు, ఇద్దరు ముగ్గురు బ్యాంకు ఉద్యోగులు. ఒకరితో ఒకరికి పరిచయం లేదు కానీ అందరం ఆ వరండా గచ్చు మీద ఎప్పుడో ఒకప్పుడు చాప వేసుకుని కూర్చున్నవాళ్ళమే. నా మట్టుకు నాకు ఆవిడ చేసిన మేలు ఇంగ్లీషు రావడంతో ఆగలేదు. అది చెప్పాలని ఈ నాలుగు మాటలు.

మాది విజయనగరం పక్క పల్లె. వ్యవసాయం చేసుకునే కుటుంబం. ఐటీఐ చదివి, తొంభైల మొదట్లో విశాఖ పోర్టులో ఓడల సరుకు దింపే ఒక ప్రైవేటు కంపెనీలో క్రేన్ ఆపరేటరుగా చేరాను. కొత్తగా పెళ్ళయింది. మా ఆవిడ నాకు మేనమామ కూతురు. గాజువాకలో ఒక రేకుల ఇంట్లో అద్దెకి దిగాం. గోడకి అటుపక్క ఇల్లు టీచరు గారిది. వాళ్ళది గోదావరి జిల్లా. భర్తకి స్టీలు ప్లాంటులో ఉద్యోగం వస్తే ఇక్కడికి వచ్చి స్థిరపడ్డారు. మేము వెళ్ళేటప్పటికే ఆయన లేరు. ఆవిడ ఒక హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పేవారు.

ముందు ఆవిడ శిష్యురాలైంది మా ఆవిడ. అదీ ఒక కప్పు పగలడం వల్ల. టీచరు గారి భర్త ఆబ్దికం నాడు చుట్టాలు ఎక్కువమంది వస్తే, సాయానికని మా ఆవిడ వెళ్ళింది. గిన్నెలు తోముతుంటే పింగాణీ కప్పు ఒకటి చేయి జారింది. ఆయన రోజూ టీ తాగిన కప్పట అది. మా ఆవిడ ముక్కలు పట్టుకుని వెళ్ళి చెప్పింది.

“కప్పు పగిలిపోనాదండి.”

టీచరు గారు ముక్కల వంక కాసేపు చూశారట. తరవాత అన్నారట: “చూశావా అమ్మాయ్, నువ్వు పగలగొట్టాను అనలేదు. పగిలిపోయింది అన్నావు. మన భాషకి ఆ దయ ఉంది. ఇంగ్లీషులోనూ ఇట్ బ్రోక్ అనొచ్చు. కానీ అన్న మరుక్షణం ఎవరు అని అడుగుతారు. సరే, చేతికి గుచ్చుకోలేదు కదా?”

తిడతారనుకుని బిక్కచచ్చిన మనిషి నవ్వుతూ ఇంటికొచ్చింది. “రేపట్నించి సాయంత్రం పూట వొచ్చి కూకోమన్నారు బావా. ఇంగిలీసు సెప్తారంట” అంది. తరవాత నన్నూ లాక్కెళ్ళింది. ఓడల మీద పరదేశపు ఆఫీసర్లు ఇంగ్లీషులో అరుస్తుంటే అర్థం కాక నేను పడే పాట్లు ఆమెకి తెలుసు.

ఆ వరండా బడికి పేరూ బోర్డూ లేవు. సాయంత్రం వీధి కుళాయి కట్టేశాక మొదలయ్యేది. నేను, మా ఆవిడ, బోటు మెకానిక్కు, ఆసుపత్రిలో పనిచేసే ఒక నర్సు ఎప్పుడూ ఉండేవాళ్ళం. మిగిలినవాళ్ళు వచ్చేవారు, పోయేవారు. టీచరు గారు పుస్తకం తెరిచేవారు కాదు. మేము ఆ రోజు అన్న మాటల్లోంచే ఒకటి పట్టుకునేవారు. “ఇవాళ పొద్దున్న లేచాక మొదట ఎవరితో ఏమన్నావ్?” అని అడిగేవారు. ఏదో ఒకటి చెబితే, ఆ తెలుగు వాక్యాన్ని విప్పి చూపించేవారు. ఇంగ్లీషు ఆ తరవాతే.

తెలుగులో క్రియ చివర ఉంటుందనే సంగతి నేను బళ్ళో చదువుకునే ఉంటాను. కానీ నోట్లో పెట్టుకుని చూసింది ఆ వరండాలోనే. “నేను రేపు మీ ఇంటికి అన్నం తినడానికి... అన్నావనుకో. ఇంకా వస్తావో రావో ఎదుటివాడికి తెలీదు. చివరిదాకా వినాలి. అందుకే తెలుగువాడు ఓపికగా వింటాడు. వినాలి మరి, గత్యంతరం లేదు” అని నవ్వేవారు. ఇంగ్లీషులో మనిషి, వెంటనే పని. ఐ విల్ కమ్. ఎక్కడికీ, ఎందుకూ అన్నవి తీరిగ్గా వస్తాయి.

ఓసారి వాన పడుతుంటే ‘ఇట్ ఈజ్ రైనింగ్’ చెప్పారు. మెకానిక్కు బుర్ర గోక్కున్నాడు.

“ఆ ఇట్టు ఎవులండీ?”

“ఎవరూ కాదు.”

“ఎవులూ కాకపోతే మరెందుకండీ ఆడు?”

“ఇంగ్లీషు వాక్యంలో మొదటి కుర్చీ ఖాళీగా ఉండకూడదు నాయనా. ఎవరూ లేకపోతే ఇట్ అని ఒకణ్ణి తెచ్చి కూర్చోబెడతారు. వాడు చేసేదేం లేదు.”

“ఓ, మా బోటు ఓనరన్నమాట!” అన్నాడు మెకానిక్కు. టీచరు గారు కళ్ళజోడు తీసి కొంగుతో కళ్ళు తుడుచుకునేంత నవ్వారు. తరవాత చాలా ఏళ్ళు ఆ వరండాలో ఇట్‌ని ఓనరు గారు అనే పిలిచాం.

ఆవిడకి బాగా ఇష్టమైన పాఠం ‘నాకు’ పాఠం. నాకు ఆకలేస్తోంది. నాకు కోపం వచ్చింది. నాకు తెలుసు. నాకు ఇద్దరు అన్నదమ్ములు. “చూడండి, తెలుగులో మనిషి ఒక పక్కన కూర్చుంటే ఆకలీ, కోపమూ, జ్వరమూ వాటంతట అవే నడిచొచ్చి మీద పడతాయి. ఇంగ్లీషులో అలా కుదరదు. ఐ అని తనే ముందుకొచ్చి నిలబడాలి. ఐ యామ్ హంగ్రీ. ఐ యామ్ యాంగ్రీ. ఐ నో” అనేవారు. ఏది గొప్ప అని నర్సు అడిగితే, “గొప్ప అని కాదమ్మా. గుమ్మం ఎటుందో తెలియకపోతే గోడకి గుద్దుకుంటాం” అన్నారు.

నేను గుద్దుకున్నది ఆ తరవాత వర్షాకాలంలో.

ఆ రోజు ఎరువుల బస్తాల ఓడ. బస్తాలని గుత్తిగా కట్టి ఓడ పొట్టలోంచి పైకి లేపి, గట్టు మీదకి దింపుతాం. క్రేన్ క్యాబిన్‌లో పైనున్న నాకు ఓడ లోపల ఏం జరుగుతోందో తెలియదు. డెక్కు మీద సిగ్నల్ మేన్ నిలబడి చేత్తో సైగ చేస్తాడు. అతని చేయే నాకు కన్ను. ఓడ పొట్టకి పెద్ద ఇనుప మూతలుంటాయి. ఆ రోజు ఒక మూత సగమే మడిచి నిలబెట్టారు. పని మధ్యలో సిగ్నల్ మేన్ లోపలికి వంగి చూడ్డానికి రెండడుగులు పక్కకి వేశాడు. ఆ మూత మా ఇద్దరికీ మధ్య అడ్డం వచ్చింది. అతను నాకు కనబడలేదు. కనబడని క్షణంలో ఆపేయాలి. ఆపేశాను. కానీ అప్పటికే సముద్రం మీంచి గాలి గట్టిగా వీస్తోంది. ఆగిన బస్తాల గుత్తి గాలికి ఊగింది. కింద ఓడ పొట్టలో బస్తాలు కట్టే కళాసీ ఒకతను పక్కకి తప్పుకుంటుంటే అతని కాలిని ఇనుప గోడకేసి నొక్కేసింది.

అతని అరుపు నాకు పైకి వినబడింది. నిచ్చెన ఎలా దిగానో గుర్తు లేదు. స్ట్రెచర్ మీద వేస్తుంటే నా చేయి పట్టుకున్నాడు. అతనిదీ మా పక్క ఊరే. “నువ్వేటి సేత్తావు బావా, గాలది” అన్నాడు. మోకాలి కింద ఎముక రెండు చోట్ల విరిగింది.

కంపెనీ విచారణ పెట్టింది. చేసింది మద్రాసు వైపు నుంచి వచ్చిన భద్రతాధికారి. పెద్దమనిషి, మెత్తగా మాట్లాడేవాడు. తెలుగు రాదు. గుమాస్తాని ఎవరినైనా పిలిచి తెలుగులో అడిగించొచ్చు. కానీ మా సూపర్‌వైజరు, “ఈడికి ఇంగ్లీషొచ్చు, వరండాలో నేర్సుకుంతన్నాడు” అని గుమాస్తాతో చెప్పి నన్ను ఒక్కణ్ణే గదిలోకి పంపాడు.

అధికారి అడిగాడు: “వర్ యూ నాట్ లుకింగ్ ఎట్ ద సిగ్నల్ మేన్?”

సిగ్నల్ మేన్ నీకు కనబడలేదా అంటున్నాడనుకున్నాను. అవును, కనబడలేదు అని చెప్పాలి. “యెస్ సార్. సిగ్నల్ మేన్ నాట్ లుకింగ్” అన్నాను.

“డిడ్ యూ నాట్ స్టాప్?”

ఆపలేదా అని అడుగుతున్నాడు. లేదు, ఆపాను అని నా జవాబు. గట్టిగా, “నో సార్!” అన్నాను.

ఆయన కాగితం మీద ఏదో రాసుకున్నాడు. లేచి నా భుజం మీద చేయి వేసి, నిజాయితీగా చెప్పినందుకు థాంక్స్ అన్నాడు. ఆ ఆనెస్ట్ అనే మాట నాకు బాగా అర్థమైంది. నేను సంతోషంగా ఇంటికి వచ్చాను. కళాసీ కాలు గుర్తొచ్చి మనసు బరువుగానే ఉన్నా, నా మాట నేను సొంతంగా చెప్పుకోగలిగానన్న తృప్తి ఉంది.

టీచరు గారి వరండాలో ఆవిడా మా ఆవిడా కూర్చుని గోంగూర వలుస్తున్నారు. నేను విచారణ సంగతి ఉత్సాహంగా చెప్పడం మొదలుపెట్టాను. సగంలో టీచరు గారి చేతులు ఆగిపోయాయి.

“అతను అడిగిన మాట అలాగే చెప్పు. ఒక్క ముక్క వదలకుండా.”

చెప్పాను.

“నువ్వు క్రేను ఆపావా, లేదా?”

“ఆపీసేనండీ.”

“మరి నో అన్నావేం?”

“ఆపలేదా అన్నాడండీ. లేదు, ఆపీసేను అని సెప్పేను.”

“ఆపీసేను అన్న మాట పైకి అన్నావా?”

నేను ఆలోచించాను. అనలేదు. నో అంటే సరిపోయిందనుకున్నాను.

ఆవిడ గోంగూర చాట పక్కకి జరిపారు. “అబ్బాయ్, తెలుగులో మనం అడిగినవాడి మాటకి జవాబు చెబుతాం. నువ్వన్నది కరెక్టు అయితే అవును, కాకపోతే లేదు. ఇంగ్లీషులో జరిగినదానికి జవాబు చెప్పాలి. ఆపితే యెస్. ఆపకపోతే నో. వాడు ఎలా అడిగినా సరే. నువ్వు ఆపలేదని చెప్పి వచ్చావు. లుకింగ్ అంటే కనబడ్డం కాదు, నువ్వు కళ్ళు పెట్టి చూడ్డం. నువ్వసలు చూడనే లేదని చెప్పి వచ్చావు.”

 నేను తెలుగులో నిజం చెప్పాను. అది అవతలి చెవికి చేరేసరికి, కళ్ళు మూసుకుని క్రేన్ నడిపి మనిషి కాలు విరగ్గొట్టానన్న ఒప్పుకోలు అయింది. ఉద్యోగం పోతుందన్న భయం కంటే ముందు ఇంకోటి వచ్చింది. రేపు ఆ కళాసీ చెవిన పడితే? నువ్వేటి సేత్తావు బావా అన్నవాడు ఏమనుకుంటాడు?

మా ఆవిడ ఏడుపు గొంతుతో, “ఇప్పుడేటవుద్దండీ?” అంది.

“రేపు నేను వస్తాను” అన్నారు టీచరు గారు. బడికి సెలవు పెట్టడం ఆవిడకి అలవాటు లేదు. మర్నాడు పెట్టారు.

ఆ అధికారి గది నాకు ఇప్పటికీ కళ్ళకి కట్టినట్టుంది. టీచరు గారు బడికి కట్టుకునే నేత చీరలోనే వచ్చారు. ఆయన లేచి కుర్చీ చూపించి, మీరు ఇతని లాయరా అని అడిగాడు. “లేదు, ఇంగ్లీషు టీచర్ని. ఇతనికి నా పాఠం ఇంకా పూర్తి కాలేదు. పూర్తికాని పాఠం మీద మీరు పరీక్ష పెట్టారు” అని ఇంగ్లీషులో అన్నారు. ఆయన నవ్వాడు కానీ, విచారణ అయిపోయింది మేడమ్ అన్నాడు. నేను తప్పించుకోడానికి మాట మారుస్తున్నానని ఆయన అనుకోవడంలో వింత లేదు.

ఆవిడ వాదించలేదు. మీ మాతృభాష ఏమిటి అని అడిగారు. తమిళం అన్నాడు. “నాకు తమిళం రాదు. నాకోసం రెండు వాక్యాలు తమిళంలో చెప్పగలరా? మీ అమ్మగారితో ఎలా అంటారో అలా. మీ కళ్ళజోడు ఇంట్లో ఎక్కడో ఉంది. మొదటిది, మీరు దానికోసం చూడనే లేదు. రెండోది, మీరు చూశారు, కానీ మధ్యలో ఏదో అడ్డం ఉండి కనబడలేదు.”

ఆయన విసుగ్గానే మొదలుపెట్టాడు. “నాన్ పాక్కల” అన్నాడు. తరవాత, “కణ్ణుక్కు తెరియల.”

“రెండూ ఒకటేనా?”

“కాదు” అన్నాడు.  తన నోటి నుంచి వచ్చిన ఆ రెండు వాక్యాలనీ ఆయన లోపల మళ్ళీ అనుకుంటున్నట్టు పెదాలు కదిలాయి.

“మాకూ అంతే. నేను చూడలేదు అనేది వేరు, నాకు కనబడలేదు అనేది వేరు. ఇతను నిన్న చెప్పింది రెండోది. అతనికి వచ్చిన ఇంగ్లీషులో అది మొదటిదిగా బయటికొచ్చింది. నా మాట నమ్మొద్దు. అతన్ని తెలుగులో అడగండి, తెలుగు తెలిసిన మీ మనిషినే పెట్టుకోండి. నేను బయట కూర్చుంటాను” అని లేచి వెళ్ళిపోయారు.

 ఆయన బెల్లు కొట్టి గుమాస్తాని పిలిచాడు. సిగ్నల్ మేన్‌ని కూడా రమ్మన్నాడు. ఈసారి అన్నీ తెలుగులో అడిగారు. మూత అడ్డం వచ్చిన సంగతి సిగ్నల్ మేన్ దాచలేదు. “నాను పక్కకి జరిగేనండీ. లోపల మనుసులున్నారో లేదో సూద్దారని వొంగేను. మూత అడ్డమొచ్చీసింది. ఈడు ఆపీసేడు, నాకు తాడు ఆగినట్టు తెలిసింది” అన్నాడు. ఆ అధికారి మాతో పాటు వచ్చి అలాంటి ఓడ మూత పక్కన తనే నిలబడి, నన్ను క్యాబిన్ ఎక్కించి చూశాడు.

ఎవరి ఉద్యోగమూ పోలేదు. మూత పూర్తిగా మడవకుండా పని మొదలుపెట్టకూడదనీ, రెండో సిగ్నల్ మేన్ గట్టు మీద ఉండాలనీ కంపెనీలో కట్టుబాటు చేశారు. నన్ను ఆ వర్షాకాలం అయ్యేదాకా కింద పనిలో ఉంచి, తరవాత మళ్ళీ క్రేన్ ఎక్కించారు. ఉద్యోగం నిలిచిందని తెలిసిన సాయంత్రమే నేను లడ్డూలు పట్టుకుని టీచరు గారి దగ్గరికి వెళ్ళాను. ఆవిడ పెట్టె తెరవలేదు.

“నీ వాక్యం బాగుపడింది. ఆ అబ్బాయి కాలు బాగుపడలేదు కదా. ఇవి అక్కడికి తీసుకెళ్దాం పద” అన్నారు.

ఆసుపత్రిలో కళాసీకి విచారణ సంగతంతా ఆవిడే చెప్పారు. అతను అంతా విని, “బావ కళ్ళు మూసుకుని నడిపేడని నాకెవుడైనా సెప్తే నాను నమ్ముతానేటండీ” అన్నాడు. నేను మంచం పక్కకి తిరిగి లడ్డూల పెట్టె దారం విప్పే పని పెట్టుకున్నాను. అతను కొంచెం సిగ్గుపడుతూ, “టీసరమ్మా, మంచం మీద ఊరికే ఉన్నాను. నాకూ రెండు ముక్కలు సెప్పండి” అన్నాడు.

కర్రల మీద నడవడం రాగానే అతను వరండాకి వచ్చాడు. అతని మొదటి రోజు పాఠం నేను మరిచిపోలేను. నా కాలు విరిగింది అనడానికి ఇంగ్లీషువాళ్ళు మామూలుగా ఏమంటారని అడిగాడు. ‘ఐ బ్రోక్ మై లెగ్’ అంటారని టీచరు గారు చెప్పి, దాని అర్థం చెప్పారు.

“అదేటండీ? నా కాలు నానెందుకు ఇరగ్గొట్టుకుంటాను?”

“వాళ్ళు అలాగే అంటారు నాయనా. కాలు ఎవరిదైతే వాళ్ళు ముందు నిలబడాలి.”

“నాను అలాగ అనను. నాను ఇరగ్గొట్టలేదు. ఈ బావా ఇరగ్గొట్టలేదు. అదే ఇరిగింది.” అని నా వైపు చూశాడు.

 టీచరు గారు అతన్నే చూస్తూ, “అయితే మై లెగ్ బ్రోక్ అను. అది కూడా తప్పు కాదు” అన్నారు. అతను ఆ మూడు మాటలనీ పైకి అన్నాడు. తరవాత నేనూ అన్నాను.

అతని కాలు కొంచెం వంకరగానే అతుక్కుంది. ఓడ పని ఇక కుదరలేదు. కంపెనీ అతన్ని గేటు దగ్గర పెట్టింది. పరదేశపు నావికులు ఊళ్ళోకి దారి అడిగితే, కర్ర ఎత్తి చూపిస్తూ అతను చెప్పే ఇంగ్లీషు వినడానికి నేను డ్యూటీ దిగి కాసేపు అక్కడ నిలబడేవాణ్ణి.

ఆ సంఘటన తరవాత టీచరు గారి పాఠం మారింది. మొదటి రోజునే కొత్తవాళ్ళని ఒక ప్రశ్న అడిగేవారు: “నీ పనిలో నిన్ను ఎవరైనా నిలదీసి అడిగితే ఏమడుగుతారు?” అక్కణ్ణించే మొదలు. నర్సుకి, నొప్పి లేదా అని అడక్కు, నొప్పి ఉందా అని అడుగు, రోగి యెస్ అన్నా నో అన్నా తేడా రాకూడదు అని నేర్పించారు. లేదా, కాదా అని ముగిసే ప్రశ్నలు వినబడితే చాలు, మేమందరం యెస్, నోలతో ఊరుకోకుండా మొత్తం వాక్యం చెప్పాలి. ఐ స్టాప్డ్. ఐ కుడ్ నాట్ సీ హిమ్. నేను ఇప్పుడు అచ్యుతాపురంలో కొత్త క్రేన్ ఆపరేటర్లకి పని నేర్పుతున్నాను. హుక్కు గురించీ తాడు గురించీ చెప్పాక ఈ రెండు వాక్యాలు అందరిచేతా పలికిస్తాను. ఎందుకో తెలియక నవ్వుతారు. కళాసీ సంగతి చెబితే నవ్వు ఆపుతారు.

మేము గాజువాక నుంచి మారిపోయాక కూడా ఆవిడ దగ్గరికి వెళ్తూనే ఉన్నాం. రిటైరయ్యారు. చెల్లెలు వచ్చి తోడున్నారు. వరండాలో చాపలు తగ్గాయి. ఊళ్ళో అద్దాల గదుల్లో స్పోకెన్ ఇంగ్లీషు క్లాసులు వచ్చాయి. ఆవిడకి బాధ లేదు. “అక్కడ ఫ్యాన్లు ఉంటాయి, వెళ్ళనీ” అనేవారు. చివరి ఏడాది గుండె జబ్బుతో ఆసుపత్రిలో ఉన్నప్పుడు కుర్ర డాక్టరు ఒకడు ఇంగ్లీషులో ఏదో అడిగితే, ఆవిడ తెలుగులో, “ఇక్కడ పట్టేసినట్టుంది నాయనా, ఊపిరి అందట్లేదు” అన్నారు. మా ఆవిడ ఆశ్చర్యపోయి, “అదేటండీ, మీరు తెలుగులో సెప్తన్నారు?” అంది. “నొప్పి వచ్చినప్పుడు వాక్యం వెతుక్కోకూడదమ్మాయ్. ముందు ఏది వస్తే అది చెప్పెయ్యాలి” అన్నారు.

ఆవిడని తలుచుకుంటే నాకు వరండా కంటే ముందు వేరే చోటు గుర్తొస్తుంది. రిటైరయ్యాక ఒక చలికాలపు ఆదివారం ఆవిడని భీమిలి తీసుకెళ్ళాం. నేను, మా ఆవిడ, మెకానిక్కు. ఇన్నేళ్ళు విశాఖలో ఉండి సముద్రంలో కాలు పెట్టలేదని అంతకు ముందు వారం చెప్పారు. బస్సు దిగి ఇసుకలో నెమ్మదిగా నడిపించుకెళ్ళాం. నీళ్ళ అంచున ఆగి చెప్పులు విడిచారు. చీర కుచ్చెళ్ళు ఒక చేత్తో పైకి పట్టుకుని, రెండో చేయి మా ఆవిడ భుజం మీద వేసి లోపలికి రెండడుగులు వేశారు. అల వచ్చి పాదాలు ముంచింది. వెనక్కి పోతూ కాళ్ళ కింద ఇసుక లాగింది. ఆవిడ ఉలిక్కిపడి మా ఆవిడని గట్టిగా పట్టుకున్నారు. మెకానిక్కు ఏదో హాస్యం ఆడబోతే నేను ఆగమన్నాను.

 ఇంకో అల వచ్చింది. ఈసారి ఆవిడ ఉలిక్కిపడలేదు. కాసేపటికి మా ఆవిడ భుజం మీద చేయి తీసేశారు. పట్టుకున్న కుచ్చెళ్ళు కూడా వదిలేశారు. చీర అంచు నీళ్ళ మీద తేలింది. అలా ఒంటరిగా, నవ్వు ముఖంతో, చేతులు రెండూ పక్కలకి వేలాడేసి, వచ్చే అల కోసం నిలబడ్డారు.